సిల్వెష్ చూడాలంటే నది దగ్గర మొదలుపెట్టండి

పోర్చుగల్ దక్షిణపు కొసన ఉన్న అల్గార్వ్ ప్రాంతానికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది సముద్రం కోసమే వెళ్తారు. ఆ తీరం నుంచి కాస్త లోపలికి వస్తే అరాద్ నది ఒడ్డున, గుట్ట మీద ఎర్రటి కోటతో ఒక చిన్న ఊరు కనిపిస్తుంది. దాని పేరు సిల్వెష్. ఇప్పుడు చూస్తే ప్రశాంతమైన మామూలు ఊరు. తొమ్మిది వందల ఏళ్ళ కిందట మాత్రం ఆ ప్రాంతం మొత్తానికి పెద్ద నగరం ఇదే. ఉత్తర ఆఫ్రికా మీదుగా 711లో వచ్చి ఐబీరియాలో, అంటే ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్ నేలలో, పాతుకుపోయిన ముస్లింలను యూరప్‌వాళ్ళు మూర్లు అంటారు. వాళ్ళ కాలంలో దీని పేరు షిల్బ్.

బీచ్ హోటళ్ళ నుంచి వచ్చే టూర్లలో చాలావరకు జనాన్ని నేరుగా కోట దగ్గరికి తీసుకెళ్తాయి. గోడ మీద నాలుగు ఫొటోలు, ఒక ఐస్‌క్రీమ్, గంటలో తిరుగుప్రయాణం. అలా చూస్తే సిల్వెష్ ఏమీ అర్థం కాదు. ఎందుకంటే ఈ ఊరి కథంతా నీళ్ళ కథ. నది మీద నడిచిన వ్యాపారంతో ఎదిగింది, ముట్టడిలో నీళ్ళు అయిపోయి లొంగిపోయింది, చివరికి నది పూడిపోయి చిన్న ఊరైపోయింది. అందుకే కింద నది దగ్గర మొదలుపెట్టి, ఊరి ద్వారం, బావి, పెద్ద చర్చి చూసుకుంటూ పైకి ఎక్కి, కోటను చివరికి ఉంచుకోమని నా సలహా. దానికి ఏం చేయాలో వరసగా చెప్తాను.

1. ఏ నెలలో వెళ్ళాలో ముందు తేల్చుకోండి

మార్చి నుంచి మే దాకా, మళ్ళీ సెప్టెంబరు చివర నుంచి నవంబరు మొదటి దాకా అన్ని విధాలా అనుకూలం. జులై, ఆగస్టుల్లో సముద్రపు గాలి ఇంత లోపలికి సరిగ్గా రాదు. తీరం కంటే ఇక్కడ ఎండ ఎక్కువ, కోట లోపల నీడ తక్కువ. మన ఎండలు అలవాటైనవాళ్ళకు కూడా ఆ ఎర్రరాతి గోడల మధ్య మధ్యాహ్నం నడవడం కష్టమే.

అయినా ఆగస్టులోనే వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక కారణం ఉంది. ఆ నెలలో సిల్వెష్ మధ్యయుగ సంత జరుగుతుంది. కోట కింద సందులన్నీ పాతకాలపు వేషాలు, గుర్రాలు, సంగీతం, తినుబండారాలతో నిండిపోతాయి. పిల్లలు ఉన్న కుటుంబాలకు చాలా బాగుంటుంది. కానీ చరిత్ర నిదానంగా చూడాలనుకుంటే ఆ రోజుల్లో వద్దు. గదులు దొరకవు, కారు పెట్టడానికి చోటు దొరకదు.

నన్నడిగితే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో వెళ్ళమంటాను. అప్పుడు బాదం చెట్లు తెల్లగా పూస్తాయి, తోటల్లో నారింజలు పండి ఉంటాయి. బాదం పూల గురించి అల్గార్వ్‌లో అందరికీ తెలిసిన ఒక కథ ఉంది. షిల్బ్‌ను ఏలిన మూరు రాజు ఉత్తర దేశపు రాకుమారిని పెళ్ళాడాడు. ఆమె తన ఊరి మంచు మీద బెంగతో మంచం పట్టింది. రాజు చుట్టుపక్కలంతా బాదం చెట్లు నాటించాడు. అవన్నీ ఒక్కసారి పూసిన రోజు కిటికీలోంచి చూసి, నేలంతా మంచు కురిసినట్టుందని ఆమె లేచి కూర్చుంది. కథే అనుకోండి, ఆ పూలు చూశాక మాత్రం అది ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. చలికాలంలో వానలు పడొచ్చు, ఒక పల్చటి జాకెట్ చాలు.

2. వీసా, సరిహద్దు పనులు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు షెంగెన్ వీసా కావాలి. మన దేశంలో పోర్చుగల్ దరఖాస్తులు వీఎఫ్ఎస్ కేంద్రాల ద్వారా తీసుకుంటారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. అయితే వేసవి సెలవులకు వెళ్ళాలంటే అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని కాబట్టి రెండు మూడు నెలల ముందే కదలండి. పెద్దవాళ్ళకు వీసా రుసుము 90 యూరోలు, వీఎఫ్ఎస్ చార్జీలు దానికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు చాలామంది ఇక్కడ పొరపడతారు. అక్కడి నివాస అనుమతి ఉన్నా, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టయితే షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. లండన్ నుంచి ఫారో విమానాశ్రయానికి మూడు గంటల లోపే ప్రయాణం కాబట్టి చవక టికెట్ కనబడగానే కొనేస్తుంటారు. వీసా చేతికొచ్చాకే కొనండి, లేదా డబ్బు తిరిగొచ్చే టికెట్ కొనండి.

ఇంకో విషయం. యూరప్ సరిహద్దుల్లో 2025 అక్టోబరు నుంచి ఫొటో, వేలిముద్రలు తీసుకునే కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ పద్ధతి మొదలైంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు క్యూలో సమయం పడుతుంది. దిగిన గంటలోనే రైలెక్కేలా ప్లాన్ చేసుకుని టెన్షన్ పడొద్దు.

3. సిల్వెష్ చేరడం

లిస్బన్ నుంచి రైలు మంచి మార్గం. ఫారో వైపు వెళ్ళే దూరప్రయాణపు రైలెక్కి తూనిష్ అనే జంక్షన్‌లో దిగి, అక్కడ లాగుష్ వైపు వెళ్ళే చిన్న రైలు పట్టుకోవాలి. తూనిష్ నుంచి సిల్వెష్ కొద్ది స్టేషన్ల దూరమే. లిస్బన్ నుంచి మొత్తం మూడు, మూడున్నర గంటలు వేసుకోండి. దూరపు రైలు టికెట్లు ముందుగా ఆన్‌లైన్లో కొంటే బాగా తగ్గుతాయి. చిన్న రైలుకు ముందే కొనకపోయినా ఫరవాలేదు. ఫారోలో దిగేవాళ్ళు అదే లైను మీద నేరుగా రావచ్చు, సుమారు గంట.

సిల్వెష్ స్టేషన్ ఊళ్ళో ఉండదు. ఊరికి దక్షిణంగా దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంటుంది. దిగగానే ఆటోస్టాండు లాంటిదేదో ఉంటుందనుకోకండి. సామాను తక్కువుండి కాళ్ళలో సత్తువ ఉంటే నడవండి. ఎందుకంటే స్టేషన్ వైపు నుంచి వచ్చేవాళ్ళకే ఊరు ముందు నుంచి, నది అవతలి ఒడ్డు నుంచి, పూర్తిగా కనిపిస్తుంది. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే రైల్లో ఉండగానే ఫోన్లో క్యాబ్ బుక్ చేసుకోండి.

పోర్తిమావ్, అల్బుఫెయిరా లాంటి తీరపు ఊళ్ళలో బస చేసేవాళ్ళకు వాముష్ బస్సులు ఉన్నాయి. అవి ఊరి దాకా వచ్చేస్తాయి కాబట్టి రైలు కంటే సుఖం. శని, ఆదివారాల్లో మాత్రం సర్వీసులు బాగా తగ్గుతాయి, తిరుగు బస్సు వేళ ముందే చూసి పెట్టుకోండి. కారు తీసుకునేవాళ్ళకు ఒక మంచి మాట: అల్గార్వ్ మీదుగా సాగే ఏ22 రహదారికి 2025 జనవరి 1 నుంచి టోల్ ఎత్తేశారు. పోర్చుగల్లో రోడ్డుకు కుడి పక్కన నడపాలి. కారును నది పక్కన ఉన్న పార్కింగ్‌లోనే వదిలేయండి. కోట చుట్టూ సందులు ఇరుకు, వాలు ఎక్కువ. పైకి తీసుకెళ్ళి ఇబ్బంది పడటం తప్ప లాభం లేదు.

పోర్తిమావ్ నుంచి పడవలో కూడా రావచ్చు. సముద్రపు పోటు ఈ నదిలోకి సిల్వెష్ దాకా వస్తుంది. పోటు మీద ఉన్నప్పుడే పడవ అంత లోపలికి రాగలదు కాబట్టి బయలుదేరే వేళ రోజూ మారుతుంది. ఒకప్పుడు వర్తకుల ఓడలు వచ్చిన దారి ఇదే. వీలు కుదిరితే వచ్చేటప్పుడు పడవ, పోయేటప్పుడు రైలు ఎంచుకోండి.

4. ముందు నది అవతలి ఒడ్డున నిలబడండి

పాత వంతెన దగ్గరికి వెళ్ళండి. అందరూ దీన్ని రోమన్ వంతెన అంటారు కానీ ఇప్పుడు కనిపించే కట్టడం మధ్యయుగాల నాటిది. వాహనాలు పోవు, నడిచేవాళ్ళకే. దాన్ని దాటకుండా, ఊరికి ఎదురుగా దక్షిణపు ఒడ్డున ఆగి చూడండి. కింద నది, దాని మీద తెల్ల గోడల ఇళ్ళు వరసలు వరసలుగా పైకి, వాటి పైన చర్చి, అన్నిటి పైన కోట. కోట, చర్చి రెండూ ఎరుపే. ఈ చుట్టుపక్కల దొరికే ఎర్ర ఇసుకరాయి అది. భూగర్భ శాస్త్రవేత్తలు దానికి ఈ ఊరి పేరే పెట్టారు. 20 కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి.

ఇప్పుడు నది వైపు చూడండి. పోటు లేని వేళైతే బురద, రెల్లు, మధ్యలో సన్నటి నీటిపాయ కనిపిస్తాయి. ఈ నీళ్ళ మీదే 12వ శతాబ్దంలో ఓడలు సరుకు దింపేవి. ఆ రోజుల్లో ఇద్రిసీ అనే భూగోళ శాస్త్రవేత్త సిల్వెష్ గురించి రాస్తూ, ఇక్కడి కొండల్లోని కలప దేశదేశాలకు పోతుందన్నాడు, అత్తిపళ్ళ తీపిని మెచ్చుకున్నాడు. ఇక్కడివాళ్ళు చాలామంది యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులనీ, స్వచ్ఛమైన అరబీ మాట్లాడతారనీ, కవిత్వం చెప్తారనీ కూడా రాశాడు. తర్వాతి శతాబ్దపు కజ్వీనీ అయితే, నాగలి పట్టిన రైతును ఆపి ఏ విషయం మీద అడిగినా అప్పటికప్పుడు పద్యం కడతాడని చెప్పాడు. ఆశుకవిత్వం విలువ తెలిసిన మనవాళ్ళకు ఆ మాట వింటే ఈ ఊరి మీద గౌరవం కలుగుతుంది.

కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టితో నది మెల్లగా పూడిపోయింది. ఓడలు ఆగిపోయాయి, నిలవ నీటితో జ్వరాలు పెరిగాయి. 1577లో బిషప్ పీఠం కూడా ఫారోకు తరలిపోయింది. ఇదంతా మనసులో పెట్టుకుని వంతెన దాటండి. ఒడ్డు పక్కన మున్సిపల్ మార్కెట్ ఉంది. పొద్దున్నే వెళ్తే పళ్ళు, ఎండు అత్తిపళ్ళు, బాదం కొనుక్కుని పైకి ఎక్కొచ్చు.

5. ఊరి ద్వారం గుండా లోపలికి

మెయిన్ రోడ్డు నుంచి పైకి ఎక్కే సందులన్నీ చిన్న రాళ్ళు పరిచినవి. వందల ఏళ్ళుగా నడిచి నడిచి ఆ రాళ్ళు నున్నగా అరిగిపోయాయి. చెప్పులు, హీల్స్ పనికిరావు. వాన పడిన రోజైతే మంచి పట్టున్న బూట్లు వేసుకున్నా జాగ్రత్తగా అడుగేయాలి. వీల్‌చైర్, పిల్లల బండి ఈ దారిలో చాలా కష్టం.

టౌన్‌హాల్ ఉన్న చౌకు పక్కనే పాత నగరద్వారపు బురుజు ఉంది. గోడలున్న నగరంలోకి అసలు ప్రవేశం ఇదే. ద్వారం లోపల దారి తిన్నగా ఉండదు, మలుపు తిరుగుతుంది. శత్రువు పరుగున దూసుకురాకుండా మూర్లు ఇలా కట్టేవారు.

ఇక్కడ ఒక్క పది నిమిషాలు గోడల మీద దృష్టి పెట్టండి. దూరం నుంచి అంతా రాతికట్టడంలా ఉంటుంది. దగ్గరికి పోయి, పైరాయి ఊడిన చోటు వెతకండి. లోపల కనిపించేది మట్టి. మట్టిలో సున్నం, గులకరాళ్ళు కలిపి, రెండు చెక్కల మధ్య పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరిచిన గోడ అది. ఒక వరస ఎండాక చెక్కలు పైకి జరిపి ఇంకో వరస పోసేవారు. ఆ అడ్డవరసలు, మధ్యలో గులకరాళ్ళు, చెక్కలను నిలబెట్టడానికి దూలాలు దూర్చిన గుంతలు ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు. దానికి పైనుంచి ఎర్ర ఇసుకరాయి తొడిగారు. ఈ సంగతి ఇక్కడ చూసి పెట్టుకుంటే పైన కోటలో గోడలు చూసేటప్పుడు మీ కళ్ళు వాటంతట అవే ఆగుతాయి.

6. మ్యూజియంలోని బావి దగ్గర తొందరపడకండి

ద్వారం దాటి కాస్త నడిస్తే మున్సిపల్ పురావస్తు మ్యూజియం వస్తుంది. చాలామంది దీన్ని వదిలేసి పోతారు. నా లెక్కలో సిల్వెష్‌లో కోట కంటే ముందు చూడాల్సింది ఇదే. టికెట్ కొనేటప్పుడు కోటకూ మ్యూజియానికీ కలిపి ఇచ్చే జాయింట్ టికెట్ అడగండి. విడివిడిగా కొనేదానికంటే తక్కువ పడుతుంది, మొత్తం మీద కొద్ది యూరోలే.

ఈ భవనం నడిమధ్యలో ఒక బావి ఉంది. అసలు బావి బయటపడ్డాకే దాని చుట్టూ మ్యూజియం కట్టారు. 1990లో తెరిచారు. బావి అల్‌మొహాద్‌ల కాలానిది, అంటే మొరాకో నుంచి వచ్చి ఈ ప్రాంతాన్ని ఏలిన ముస్లిం రాజవంశపు 12, 13 శతాబ్దాల నాటిది. లోతు ఇరవై మీటర్లకు దగ్గరగా ఉంటుంది. మామూలు బావిలా పైనుంచి చేద వేసి తోడుకునేది మాత్రమే కాదు. బావి గుండ్రటి గొంతు చుట్టూ, గోడకు అవతలి పక్కన, మెలికలు తిరుగుతూ కిందికి దిగే మెట్లున్నాయి. మధ్యమధ్యలో మెట్ల నుంచి బావిలోకి కిటికీలు తెరిచారు. నీటిమట్టం ఎక్కడుంటే ఆ ఎత్తున ఉన్న కిటికీలోంచి నీళ్ళు ముంచుకోవచ్చు. వేసవిలో నీరు దిగిపోతే ఇంకా కిందికి దిగాలి. పైనుంచి తొంగి చూస్తే ఆ కిటికీలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. రాళ్ళన్నీ అదే ఎరుపు. మెట్లబావులు మన దేశంలోనూ ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇది చూడగానే మనకు పని విధానం ఇట్టే అర్థమవుతుంది. గొంతు చుట్టూ మెట్లను మరమేకులా చుట్టిన ఈ పద్ధతి మాత్రం వేరు.

మిగతా గదుల్లో మట్టికుండలు, మెరుగు పూసిన పింగాణీ, దీపపు ప్రమిదలు ఉన్నాయి. ఇస్లామీయ కాలపు అరల దగ్గర ఎక్కువసేపు ఉండండి. నీళ్ళ కూజాల మీద ఎంత ఓపిగ్గా నగిషీ చేశారో గమనించండి. మ్యూజియం వెనక భాగంలో నగరపు ప్రాకారం ఒక గోడగా కలిసిపోయి ఉంటుంది, దాన్నీ చూసి రండి.

7. ఎర్ర చర్చి

కోట కింద, దాదాపు దారిలోనే, సిల్వెష్ పెద్ద చర్చి ఉంది. పూర్వం పెద్ద మసీదు ఉన్న చోటే దీన్ని కట్టారని చెప్తారు. 13వ శతాబ్దంలో మొదలై చాలాకాలం సాగిన గోతిక్ కట్టడం. 1755 భూకంపంలో బాగా దెబ్బతింది. అందుకే బయట గోడల్లో తెల్ల సున్నం, బరోక్ వంపులు, ఎర్రరాయి కలిసిపోయి కనిపిస్తాయి. లోపలికి వెళ్ళి బలిపీఠం వైపు నడిస్తే పాత గోతిక్ భాగం చక్కగా మిగిలి ఉంది. పెద్ద గాజు కిటికీల వెలుగు పడి ఆ ఇసుకరాయి గులాబీ రంగులోకి మారుతుంది.

నేలమీద ఒక సమాధి పలక కోసం చూడండి. పోర్చుగల్‌ను ఏలిన రెండవ జువావ్ రాజుది. 1495 అక్టోబరులో దగ్గర్లోని ఆల్వోర్‌లో చనిపోతే ఇక్కడే పూడ్చారు. నాలుగేళ్ళ తర్వాత 1499లో అవశేషాలను బటాల్యా మఠానికి తరలించారు. మనకు ఈయన ఊరికే ఒక విదేశీ రాజు కాదు. బార్తొలొమెయు దియాష్ 1488లో ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి వచ్చింది ఈయన పాలనలోనే. నేల మీదుగా భారతదేశపు దారి కనుక్కోమని పేరో ద కొవిల్యా అనే గూఢచారిని పంపిందీ ఈయనే. ఆ మనిషి వేషం మార్చుకుని, వాస్కో డ గామా కంటే దాదాపు పదేళ్ళ ముందే కాలికట్, గోవా రేవులు చూశాడు. గామా కాలికట్ చేరిన సంగతి బళ్ళో చదువుకున్నాం. ఆ దారి వేసిన మనిషి పడుకున్న చోటు ఈ చిన్న ఊళ్ళో ఉందని చాలామందికి తెలియదు.

ఎదురుగా ఉన్న మిజెరికోర్దియా చర్చి పక్కగోడలో, నేలకు ఎత్తుగా, మనువేల్ శైలి (మనువేల్ రాజు కాలపు పోర్చుగీసు అలంకరణ) తలుపు చట్రం ఒకటి ఉంది. తాళ్ళు, మొగ్గలు అల్లినట్టున్న ఆ చెక్కడం చూసి ముందుకు సాగండి.

8. ఇప్పుడు కోట ఎక్కండి

కోట తలుపుల వేళలు కాలాన్ని బట్టి మారతాయి, వేసవిలో ఎక్కువసేపు తెరిచి ఉంచుతారు. మూసేవేళకు కాస్త ముందే టికెట్లు ఆపేయడం మామూలే కాబట్టి కనీసం రెండు గంటలు చేతిలో ఉంచుకుని వెళ్ళండి. సాయంత్రపు ఎండ గోడల మీద పడే వేళ అన్నిటికంటే మంచిది. గోల్కొండ లాంటి విస్తీర్ణం ఊహించుకుని వెళ్ళొద్దు. లోపలి స్థలం సుమారు మూడెకరాలు మాత్రమే, గోడల మీద తాపీగా చుట్టిరావడానికి ముప్పావుగంట చాలు.

గుమ్మం బయట కత్తి పట్టుకుని నిలబడ్డ పెద్ద కంచు విగ్రహం పోర్చుగల్ రాజు మొదటి సాంచోది. ఈయన కథ దగ్గర ఆగాలి. 1189 వేసవిలో, జెరూసలేం వైపు మతయుద్ధానికి వెళ్తున్న క్రైస్తవ సైనికుల, అంటే క్రూసేడర్ల, ఓడలు లిస్బన్‌లో ఆగాయి. జర్మన్లు, ఫ్లాండర్స్ వాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు అందులో ఉన్నారు. సాంచో వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాడు: నగరం నాకు, దోపిడీ సొమ్ము మీకు. ఓడలు మీరు ఇందాక చూసిన నది మీదుగానే లోపలికి వచ్చాయి. ముందు దిగువ పేట పడిపోయింది. పై నగరం లొంగలేదు. అప్పుడు ముట్టడిదారులు నది వైపు నీళ్ళ దారిని కాపాడే గోడను పట్టుకుని, నీళ్ళు అందకుండా చేశారు. జులైలో మొదలైన ముట్టడి సెప్టెంబరు మొదటి రోజుల దాకా సాగింది. ఎండాకాలం, గోడల లోపల వేలమంది, తాగడానికి చుక్క లేదు. దాహానికి తట్టుకోలేక నగరం లొంగిపోయింది. జనం కట్టుబట్టలతో బయటికి నడిచారు. సాంచో తనను సిల్వెష్‌కు కూడా రాజునని చెప్పుకున్నాడు గానీ అది ఎంతోకాలం నిలవలేదు. 1191లో అల్‌మొహాద్ ఖలీఫా యాకూబ్ అల్ మన్సూర్ తిరిగి గెలుచుకున్నాడు. క్రైస్తవుల చేతికి శాశ్వతంగా వెళ్ళింది 1240ల్లో.

విగ్రహం గెలిచినవాడిది. లోపలికి అడుగుపెట్టాక మాత్రం ఓడినవాళ్ళ వైపు నుంచి చూడండి. ఎడమకో కుడికో తిరిగే ముందు పెద్ద నీటితొట్టి ఎక్కడుందో అడిగి అక్కడికి వెళ్ళండి. నేల కింద కట్టిన ఈ తొట్టి ఎత్తు ఏడు మీటర్ల దాకా ఉంటుంది. స్తంభాల మీద సగం పీపాల్లాంటి కప్పులు వరసగా ఆనుకుని ఉన్నాయి. ఒక పెద్ద హాలంత జాగా. అడుగుపెట్టగానే చల్లగా తగులుతుంది. 20వ శతాబ్దంలో కూడా ఈ ఊరికి నీళ్ళు ఇచ్చిన తొట్టి ఇది. దీనికి మాయలో చిక్కిన మూరు కన్య తొట్టి అని పేరు. జూన్‌లో సెయింట్ జాన్ పండుగ రాత్రి ఒక రాకుమారి వెండి పడవలో, బంగారు తెడ్లతో ఈ నీళ్ళ మీద పాడుకుంటూ తిరుగుతుందనీ, తన జాతి రాకుమారుడు వచ్చి మంత్రం చెప్తేనే విడుదలనీ ఊళ్ళో కథ. దగ్గర్లోనే చాలా లోతైన ఇంకో బావి కూడా ఉంది, దాని మీద ఊచలు వేశారు.

తొట్టి చూశాక తవ్వకాల్లో బయటపడ్డ ఇంటి పునాదుల దగ్గరికి రండి. అల్‌మొహాద్ కాలపు పెద్దింటి గదులు, నడవ తోట, స్నానాల గది ఆనవాళ్ళు స్పష్టంగా తెలుస్తాయి. ఈ కోటలో తిరిగిన వాళ్ళలో అందరూ గుర్తుపెట్టుకునే పేరు అల్ ముతమిద్. ఇప్పటి స్పెయిన్‌లోని సెవిల్ రాజు కొడుకు. పిల్లవాడిగా ఉండగానే తండ్రి ఇక్కడికి పాలకుడిగా పంపాడు. ఇక్కడే ఇబ్న్ అమ్మార్ అనే కవితో ప్రాణస్నేహం కుదిరింది. 1069లో ముతమిద్ సెవిల్‌కు రాజయ్యాక స్నేహితుణ్ణి మంత్రిని చేశాడు. అధికారం మధ్యలోకి వచ్చి ఆ స్నేహం చెడింది. చివరికి ఇబ్న్ అమ్మార్ ప్రాణం తీసింది ముతమిదే. 1091లో అల్‌మొరావిద్‌లు (అల్‌మొహాద్‌లకు ముందు మొరాకోను ఏలిన వంశం) సెవిల్ పట్టుకుని ముతమిద్‌ను మొరాకోకు పంపేశారు. 1095లో అగ్మాత్ అనే ఊళ్ళో బందీగా కన్నుమూశాడు. సిల్వెష్‌లో గడిపిన రోజుల్నీ, ఇక్కడి వరండాల మేడనూ తలుచుకుంటూ ఆయన రాసిన పద్యం అరబీ సాహిత్యంలో పేరున్నది. ఊళ్ళో నది దగ్గర ఒక చౌకుకు ఆయన పేరే పెట్టుకున్నారు.

తర్వాత గోడ ఎక్కండి. మొత్తం 11 బురుజులు. వాటిలో రెండు ప్రాకారానికి కాస్త బయటికి జరిగి, చిన్న వంతెనలాంటి దారితో కలిసి ఉంటాయి. గోడ మొదట్లోకి వచ్చిన శత్రువును పక్క నుంచి, వెనక నుంచి కొట్టడానికి ఆ ఏర్పాటు. ఉత్తరం వైపు ఒక చిన్న దొడ్డిద్వారం ఉంది, దాన్ని ద్రోహపు ద్వారం అంటారు. నది వైపు గోడ మీద నిలబడితే నారింజ తోటలు, చర్చి కప్పు, వంతెన ఒకే చూపులో వస్తాయి. కొంగలు పాత పొగగొట్టాల మీద పెట్టిన గూళ్ళు కూడా కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో ఈ ఊరికి మళ్ళీ బతుకునిచ్చిన బెండు (కార్క్) ఫ్యాక్టరీల గొట్టాలు అందులో ఉన్నాయి. ఇప్పుడున్న గోడల్లో చాలా భాగం 1940ల్లో మరమ్మతు చేసినవని గుర్తుంచుకోండి. అంత నిటారుగా, చక్కగా ఉండటానికి కారణం అదే.

గోడ మీద కొన్నిచోట్ల లోపలి వైపు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పిల్లల చెయ్యి వదలొద్దు. ఫొటో కోసం వెనక్కి అడుగులు వేయొద్దు.

9. తిండి సంగతి

మాంసాహారులకు ఇబ్బందే లేదు. నది ఒడ్డున బొగ్గుల మీద కాల్చిన కోడి, పిరిపిరి కారంతో, మనవాళ్ళకు బాగా నచ్చుతుంది. చేపలు, గవ్వలు సముద్రం దగ్గరే కాబట్టి తాజాగా దొరుకుతాయి.

శాకాహారులు రెండు మూడు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. మాంసం వద్దు అంటే చేప తింటారని అనుకుంటారు. అందుకే ‘సేం కార్న్, సేం పెయిష్’ అనండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. కూరగాయల సూప్‌లా కనిపించే కాల్దు వెర్ద్‌లో పంది సాసేజి ముక్క వేస్తారు, అడిగి తీసుకోండి. సంప్రదాయపు మిఠాయిల్లో చాలావాటిలో గుడ్డు సొన ఎక్కువ, కొన్నిట్లో పంది కొవ్వు కూడా ఉంటుంది. కేవలం అత్తిపండు, బాదంతో చేసినవి నమ్మకంగా అడిగి కొనుక్కోవచ్చు. కూర్చోగానే అడక్కుండా రొట్టె, ఆలివ్‌లు, జున్ను తెచ్చి పెడతారు. అవి ఉచితం కాదు. వద్దంటే మర్యాదగా తీసుకెళ్ళిపోతారు. ఇక నారింజ రసం ఎక్కడ కనిపించినా తాగండి. పండు పక్క తోటది, పిండేది మీ ఎదురుగా.

10. ఇంకా సమయం ఉంటే

ఊరి తూర్పు చివర రోడ్డు పక్కన పోర్చుగల్ శిలువ అనే రాతి శిలువ ఉంది. ఒక పక్క శిలువ మీది క్రీస్తు, రెండో పక్క కొడుకు దేహాన్ని ఒడిలో పెట్టుకున్న తల్లి. ఎర్రరాతి ఊళ్ళో ఇది మాత్రం తెల్ల సున్నపురాయి. పది నిమిషాల నడక కోసం తప్పకుండా వెళ్ళండి.

రాత్రి ఇక్కడే ఉండగలిగితే ఇంకా మంచిది. టూర్ బస్సులు సాయంత్రానికి వెళ్ళిపోతాయి, సందుల్లో ఊరివాళ్ళే మిగులుతారు. పొద్దున్నే పోటు వేళ చూసుకుని మళ్ళీ ఒకసారి వంతెన దగ్గరికి వెళ్తే, ముందురోజు బురదగా కనిపించిన నది నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చూడొచ్చు.

మూర్ల కథ మీద ఆసక్తి పెరిగి, చేతిలో కారు, ఇంకో రోజు ఉంటే తూర్పుగా గ్వాదియానా నది మీది మెర్తులా వెళ్ళండి. అదీ నది పక్కన గుట్ట మీద కోట ఉన్న ఊరే. అక్కడి చర్చి ఒకప్పటి మసీదు. సిల్వెష్‌లో మసీదు ఆనవాలు మిగల్లేదు గానీ అక్కడ ప్రార్థన దిశ చూపే మిహ్రాబ్ గూడు, గుర్రపు నాడా ఆకారపు తలుపులు ఇప్పటికీ గోడల్లో ఉన్నాయి. రైలు లేదు, బస్సులు తక్కువ. అందుకే పొద్దున్నే బయలుదేరి, ఎండ ముదరకముందే చేరేలా చూసుకోండి.